తల వాల్చి చూసే బిడ్డను పరీక్షించడం ఎలా

“మా పిలకాయ టీవీ చూసేటప్పుడు మెడ వాలేస్తాడు సార్, ఎంత చెప్పినా నిటారుగా పెట్టడు” అని నెల్లూరు వైపు తల్లులు ఓపీలో చెప్పే మాటను మీరు చాలాసార్లు వినే ఉంటారు. ఆ మాట మీదాకా వచ్చేసరికి ఇంటి దగ్గర చాలా జరిగిపోయి ఉంటుంది. నాయన మొట్టికాయలు వేసి ఉంటాడు, బడిలో పంతులుగారు గడ్డం పట్టుకొని తల తిప్పి ఉంటారు, మెడ బెణికిందని జేజి నూనె రాసి తోమి ఉంటుంది, కొందరైతే పుత్తూరు దాకా పోయి కట్టు కట్టించుకొని వచ్చి ఉంటారు. ఇంతమంది మెడనే చూస్తారు గాని ఆ బిడ్డ కళ్ళను చూడరు. ఈ వ్యాసంలో నేను పదేపదే చెప్పబోయేది ఒక్కటే: తలను సరిచేయడానికి చెయ్యి చాచే ముందు, తల అలా పెట్టుకోవడం వల్ల బిడ్డకు ఏమి కలిసివస్తున్నదో కనుక్కోండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోను, కంటి శిబిరాల్లోను పనిచేసే ఆప్టోమెట్రిస్టులు, ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లు, పిల్లల ఓపీలో కూర్చునే హౌస్ సర్జన్లు దీన్ని దగ్గర పెట్టుకొని పనిచేయవచ్చు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. టార్చి లైటు, కన్ను మూసే అట్ట, దృష్టి పరీక్ష చార్టు, బడి పిల్లల కోణమానిని, సెల్‌ఫోన్ కెమెరా చాలు. కావలసినదల్లా తొందరపడకుండా ఒక్కో బిడ్డకు కనీసం అరగంట ఇవ్వగలగడం.

భంగిమకు ముందుగా సరైన పేరు పెట్టండి

తల మూడు విధాలుగా పక్కకు పోతుంది. ముఖం కుడికో ఎడమకో తిరుగుతుంది, చెవి భుజం వైపు వాలుతుంది, గడ్డం పైకి లేస్తుంది లేదా ఛాతీ వైపు దిగుతుంది. చాలామంది పిల్లల్లో ఈ మూడింటిలో రెండో మూడో కలిసే ఉంటాయి. కేసు షీటులో ‘మెడ వంకర’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే తర్వాత చూసేవారికి దానివల్ల ఏమీ తెలియదు. ‘ముఖం ఎడమకు, తల ఎడమ భుజానికి, గడ్డం కిందికి’ అని మూడు అంశాలనూ విడివిడిగా రాయండి. ఏదైనా లేకపోతే లేదనే రాయండి. కుడి ఎడమలు ఎప్పుడూ బిడ్డవే. ఎదురుగా కూర్చొని చూసేవారు తమ కుడిని బిడ్డ కుడిగా రాసిపెట్టిన చీటీలు నేను చాలా చూశాను, ఆ ఒక్క తప్పుతో రోగనిర్ధారణ మొత్తం ఎదుటి కంటికి మారిపోతుంది.

పేరు పెట్టిన తర్వాత తలను మరచిపోయి, కళ్ళు ఎక్కడ ఉన్నాయో చూడండి. ముఖం కుడికి తిరిగి ఉంటే, ఎదురుగా ఉన్న వస్తువును చూడటానికి కళ్ళు ఎడమకు జరిగి ఉంటాయి. గడ్డం ఎత్తి ఉంటే కళ్ళు కిందికి దిగి ఉంటాయి. అంటే ఆ బిడ్డకు ఎడమ చూపో, కింది చూపో సుఖంగా ఉన్నదని అర్థం. ఏ కండరం బలహీనంగా ఉన్నదో ఆ కండరానికి పని లేని దిక్కుకు కళ్ళు చేరతాయి, ముఖం మాత్రం ఆ కండరం పనిచేయవలసిన దిక్కుకే తిరుగుతుంది. ఈ సూత్రం మనసులో నిలిస్తే పట్టికలు బట్టీ పట్టనక్కరలేదు.

ఉదాహరణకు కుడి కంటిని బయటికి లాగే లాటరల్ రెక్టస్ కండరం, అంటే ఆరో కపాల నాడి, పడిపోతే కుడి వైపు చూసినప్పుడు రెండు బొమ్మలు కనిపిస్తాయి. అందుకని రోగి ముఖాన్ని కుడికి తిప్పుకొని ఎడమ చూపులోనే ఉండిపోతాడు. కుడి సుపీరియర్ ఆబ్లిక్ కండరం, అంటే నాలుగో నాడి, బలహీనపడితే కుడి కన్ను పైకి లేచి, దాని పై అంచు చెవి వైపుకు తిరిగేటట్లు బయటికి మెలిపడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి బిడ్డ తలను ఎడమ భుజానికి వాల్చి, ముఖాన్ని ఎడమకు తిప్పి, గడ్డం దించుతాడు. పుట్టుకతో వచ్చే డ్యూవేన్ సిండ్రోమ్‌లో ఎక్కువగా ఎడమ కన్ను బయటికి పోదు, ముక్కు వైపు తిరిగినప్పుడు కనుగుడ్డు లోపలికి పోయి రెప్పల సందు ఇరుకవుతుంది. ఈ పిల్లలు ముఖాన్ని ఆ కంటి వైపుకే తిప్పుకుంటారు, రెండు బొమ్మలు కనిపిస్తున్నాయని మాత్రం సాధారణంగా చెప్పరు. బ్రౌన్ సిండ్రోమ్‌లో కన్ను ముక్కు వైపు ఉన్నప్పుడు పైకి లేవదు, అందువల్ల గడ్డం లేస్తుంది. ఈ సూత్రానికి ఒక మినహాయింపు ఉన్నది. రెండు బొమ్మలనూ ఎలాగూ కలపలేని కొందరు, వాటిని వీలైనంత దూరం చేసుకోవడానికి తలను సరిగ్గా ఎదురు దిక్కుకు తిప్పుతారు. తల దిక్కు, కంటి లోపం ఒకదానికొకటి పొసగకపోతే దీన్ని గుర్తుచేసుకోండి.

గదిలోకి రాకముందే చూడటం మొదలుపెట్టండి

కుర్చీలో కూర్చోబెట్టి ‘ఇటు చూడు బాబూ’ అన్న మరుక్షణం బిడ్డ తల నిటారుగా పెట్టేస్తాడు. ఇంట్లో తిన్న దెబ్బలు అతనికి గుర్తుంటాయి కాబట్టి తెల్లకోటును చూడగానే బుద్ధిగా ఉండటానికి ప్రయత్నిస్తాడు. అందుచేత అసలైన పరిశీలన వరండాలో జరగాలి. బెంచీ మీద తల్లి పక్కన కూర్చొని గోడకున్న టీవీనో, ఆవరణలో తిరిగే కోళ్ళనో చూస్తున్నప్పుడు తల ఎలా ఉన్నదో దూరం నుంచి చూడండి. నడుస్తున్నప్పుడు ఎలా ఉన్నదో, తల్లి ఫోను చేతికిచ్చినప్పుడు ఎలా మారుతున్నదో గమనించండి. దూరపు చూపులోనే తల వాలుతూ దగ్గరి చూపులో నిటారుగా ఉంటే ఒక రకమైన ఆలోచన చేయాలి, రెండింటిలోనూ ఒకేలా ఉంటే మరో రకమైన ఆలోచన చేయాలి, మెలకువలో ప్రతి క్షణమూ ఒకే కోణంలో బిగుసుకొని ఉంటే మెడ మీద అనుమానం పెరగాలి.

పరీక్ష గదిలో మళ్ళీ చూసేటప్పుడు 6 మీటర్ల దూరంలో చార్టు పెట్టి, బిడ్డ చదవగలిగిన వాటిలో అతి చిన్న అక్షరాలను చదవమనండి. పెద్ద అక్షరాలకు నిటారుగా ఉన్న తల, చిన్న అక్షరాల దగ్గరికి వచ్చేసరికి మెల్లగా తనకు అలవాటైన చోటికి పోతుంది. ఈ పిల్లల్లో చాలామంది తల వాల్చి చార్టు చివరి వరుస దాకా చదివేస్తారు. బడుల్లో జరిపే దృష్టి పరీక్షలో వీరు తప్పించుకుపోవడానికి అదే కారణం.

కుటుంబాన్ని అడగవలసినవి

ఎప్పటి నుంచి అన్నది తొలి ప్రశ్న. మెడ కండరం బిగిసిన బిడ్డలో పుట్టిన కొద్ది వారాలకే తల ఒక పక్కకు పోతుంది. కంటి కారణంగా వచ్చే వాలు, బిడ్డ తల నిలిపి కూర్చొని చుట్టూ చూడటం మొదలుపెట్టాక, సాధారణంగా ఆరో నెల దాటిన తర్వాత, బయటపడుతుంది. ‘ఎప్పటి నుంచో తెలియదు సార్’ అంటే పాత ఫొటోలు తెప్పించండి. పెంచలకోనలోనో తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫొటో, అన్నప్రాసన ఫొటో, అంగన్‌వాడీలో చేరినప్పటి ఫొటో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఇప్పుడు సగం తల్లి ఫోనులోనే దొరుకుతాయి. వాటిని వరుసగా పేర్చి చూస్తే తల ఏ ఏడు వాలిందో తెలుస్తుంది. నలభై ఏళ్ళ మనిషి కొత్తగా రెండు బొమ్మలు కనిపిస్తున్నాయని వచ్చినప్పుడు, పెళ్ళి ఫొటోలో కూడా అదే పక్కకు తల వాలి ఉంటే అది చిన్ననాటి నుంచి దాగి ఉన్న నాలుగో నాడి లోపమని నిశ్చింతగా ఆలోచించవచ్చు, మెదడు స్కాన్‌కు పరుగెత్తవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ఆ తర్వాత కాన్పు సంగతి అడగండి: కాళ్ళు ముందుగా వచ్చిందా, కష్టమైన కాన్పా. తొలి నెలల్లో బిడ్డను కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోసిన అవ్వను కూడా అడగడం నాకు అలవాటు. మెడలో గట్టి ఉండ చేతికి తగిలిందా అన్న ప్రశ్నకు తల్లి కంటే ఆమే కచ్చితంగా బదులు చెప్పగలదు. మేనరికమా అని అడగండి. పుట్టుకతో కనుగుడ్లు ఊగే జబ్బుల్లో కొన్ని, ఉదాహరణకు ఒళ్ళంతా తెల్లబడే ఆల్బినిజం, దగ్గరి సంబంధాల పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తాయి. పెద్దవారిలోనైతే తలకు తగిలిన దెబ్బను మరవకూడదు. తడ నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి మీద బైకు జారిపడి, స్పృహ తప్పి, స్కాన్‌లో ఏమీ లేదని ఇంటికి వచ్చిన యువకుడు, నెల తర్వాత మెట్లు దిగలేకపోతున్నానని గడ్డం దించుకొని వస్తే రెండు వైపులా నాలుగో నాడి దెబ్బతిన్నదేమోనని చూడాలి.

ఏ మందులు వాడారో కూడా అడగండి. వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్ కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లోను యువతలోను, గంటల్లోనే మెడను ఒక పక్కకు మెలిపెట్టి కనుగుడ్లను పైకి లాగేస్తుంది. చూసేవారు ఫిట్స్ అనుకొని, గాలి సోకిందనుకొని బెదిరిపోతారు. ఊళ్ళో వేయించుకున్న సూది ఏమిటో తెలుసుకుంటే చికిత్స అక్కడే దొరుకుతుంది.

మెడ మీద చెయ్యి వేసే ముందు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కొన్ని స్థితుల్లో మెడను తిప్పి చూడటమే ప్రమాదం. దెబ్బ తగిలిన వెంటనే వచ్చిన వాలు, జ్వరంతో పాటు గొంతునొప్పి, చొంగ కారడం, మింగలేకపోవడం ఉన్న వాలు, గొంతు ఇన్ఫెక్షన్ తగ్గీ తగ్గకముందే హఠాత్తుగా బిగిసిన మెడ, చాలా వారాలుగా సన్నని జ్వరం, బరువు తగ్గడంతో కూడిన మెడ నొప్పి: వీటిలో మెడను కదిలించకుండా పట్టీ వేసి ఎక్స్‌రేకు పంపండి. గొంతు వెనక చీము, పై రెండు మెడ పూసలు జారడం, వెన్నుపూసకు క్షయ వంటివి ఇలాగే మొదలవుతాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఆ పై పూసల బంధం వదులుగా ఉండే అవకాశం ఉన్నది కాబట్టి వారి మెడను బలంగా తిప్పవద్దు. మంగలి షాపులో మెడ విరిపించుకోవడం, నాటువైద్యుడి దగ్గర గుంజించుకోవడం ఎంత ప్రమాదమో ఇలాంటి రోగుల కుటుంబాలకు సూటిగా చెప్పండి.

మరొక గుంపు ఇంకా ముఖ్యమైనది. ఇంతవరకు మామూలుగా ఉన్న బిడ్డకు కొత్తగా తల వాలి, దానితో పొద్దున్నే తలనొప్పి, వాంతులు, నడకలో తూలు ఉంటే చిన్నమెదడు దగ్గర గడ్డ ఉండవచ్చు. మెదడులో ఒత్తిడి పెరిగినప్పుడు ఆరో నాడి పడిపోవడం కూడా సాధారణమే. ఆ బిడ్డకు కంటి నరం వాపు ఉన్నదేమో ఆ రోజే చూడండి, వచ్చే వారం రమ్మనకండి.

మెడను ఎలా చూడాలి

పై ప్రమాదాలు లేవని నిర్ధారించుకున్నాక బిడ్డను తల్లి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టండి. కంటి కారణంగా వాలిన తల, పడుకున్నప్పుడు ఎక్కువమందిలో వదులై నిటారవుతుంది, నిద్రలో పూర్తిగా పోతుంది. నిద్రలో ఎలా ఉంటుందో తల్లికి తెలుసు కాబట్టి ఆమెనే అడగండి. ఇప్పుడు రెండు అరచేతుల్లో తలను పట్టుకొని, మెల్లగా, బలం పెట్టకుండా, రెండు పక్కలకూ తిప్పి, రెండు భుజాల వైపూ వాల్చి చూడండి. మెడ అన్ని దిక్కులకూ సాఫీగా పోతే కారణం చాలావరకు కంట్లోనే ఉంటుంది.

ఒక దిక్కున అడ్డం తగిలితే, చెవి వెనక ఎముక నుంచి కంఠం కింది ఎముక దాకా ఉండే స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ కండరాన్ని వేళ్ళతో తడమండి. పుట్టుకతో అది బిగిసిన బిడ్డలో తల బిగిసిన వైపుకు వాలి, గడ్డం ఎదుటి వైపుకు తిరుగుతుంది, కండరం తాడులా చేతికి తగులుతుంది. రెండు మూడు వారాల వయసులో కనిపించే ఉండ నెలల్లో దానంతట అదే కరిగిపోతుంది గనుక ఆరు నెలల బిడ్డలో అది లేకపోయినా అనుమానం వదలవద్దు. ఈ పిల్లల తుంటి కీళ్ళను కూడా చూడండి, రెండు లోపాలు కలిసి రావడం ఉన్నది. మొదటి ఏడాదిలోనే ఫిజియోథెరపిస్టు నేర్పిన సాగదీత వ్యాయామాలు మొదలుపెడితే ఎక్కువమందికి ఆపరేషన్ అవసరం రాదు. కండరం మెత్తగా ఉండి మెడ కదలక, జుట్టు మొదలు కిందికి దిగి, మెడ పొట్టిగా కనిపిస్తే క్లిప్పెల్–ఫైల్ సిండ్రోమ్‌లో లాగా పూసలే అతుక్కొని ఉండవచ్చు.

కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చే పెద్దవయసు వారిలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవారికి వెన్ను, మెడ బంధనాలు గట్టిపడి తల ముందుకు వంగి బిగుసుకుంటుంది. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పుతారు. వారి తల భంగిమను కంటి ఖాతాలో వేయకండి, అయితే వారికి కంటి కండరాల లోపం ఉంటే మెడ తిప్పి సర్దుకోలేరు గనుక రెండు బొమ్మల బాధ ఇతరుల కంటే వారికే ఎక్కువని గమనించండి.

ఒక కన్ను మూసి చూడండి

ఈ మొత్తం పరీక్షలో ఇంత చౌకగా ఇంత సమాచారం ఇచ్చేది మరొకటి లేదు. బిడ్డ ఒక కంటికి ప్యాచ్ వేసి, దూరంగా ఏదైనా ఆసక్తిగా చూసేటట్లు చేసి, తల ఏమవుతుందో చూడండి. రెండు కళ్ళ చూపునూ కలిపి ఉంచుకోవడానికే బిడ్డ తల వాలుస్తూ ఉంటే, ఒక కన్ను మూసిన తర్వాత ఆ అవసరం ఉండదు, తల నిటారవుతుంది. ఏళ్ళ అలవాటు ఉన్నవారిలో వెంటనే మార్పు రాకపోవచ్చు కాబట్టి అనుమానం ఉంటే ప్యాచ్‌ను అరగంటైనా ఉంచి మళ్ళీ చూడండి.

తర్వాత రెండో కన్ను మూయండి. ఏ కన్ను మూసినా తల నిటారైతే రెండు కళ్ళ పొందిక కోసం వాలిన తల అది. కుడి కన్ను మూస్తే నిటారై, ఎడమ కన్ను మూస్తే వాలే ఉంటే, కారణం కుడి కంట్లోనే ఉన్నది: రెప్ప వాలి ఉండవచ్చు, లేదా కన్నే ఒక మూల ఇరుక్కొని నడిమికి రాలేకపోతూ ఉండవచ్చు. ఏ కన్ను మూసినా మార్పు లేకపోతే మెడ, కనుగుడ్ల ఊగుడు, చూపు పరిధి లోపం, సరిగా లేని అద్దాలు అన్న నాలుగు దారులు మిగులుతాయి.

దీనికి తోడుగా తలను మీ చేతులతో నిటారుగా నిలిపి ఏమవుతుందో చూడండి. అప్పుడు మెల్ల బయటపడితే, కనుగుడ్లు ఊగడం ఎక్కువైతే, బిడ్డ ఒక కన్ను చికిలిస్తే, పెద్ద పిల్లవాడు రెండు బొమ్మలని చెబితే, తల దేనికోసం వాలిందో మీకు అందినట్లే.

కొలవండి, ఫొటో తీయండి

కోణం రాయని కేసు షీటుతో ఆరు నెలల తర్వాత పెరిగిందో తగ్గిందో చెప్పలేరు. పారదర్శకమైన కోణమానిని మధ్య రంధ్రానికి దారం కట్టి, దాని చివర చిన్న నట్టు వేలాడదీయండి. కోణమానిని అంచును రెండు కళ్ళ బయటి మూలలను కలిపే గీతకు సమాంతరంగా పట్టుకుంటే, దారం 90 నుంచి ఎంత పక్కకు జరిగిందో అదే వాలు. ముఖం తిరిగిన కోణానికి బిడ్డ వెనక నిలబడి పై నుంచి ముక్కు దిక్కును చూసి కొలవాలి. ఫొటోకు బిడ్డను ద్వారబంధం ముందు నిలబెట్టండి. ఆ నిలువు చట్రం తర్వాత కొలవడానికి ఆధారమవుతుంది. ఫోను బిడ్డ కళ్ళ ఎత్తులో ఉండాలి, లేకపోతే లేని గడ్డం ఎత్తు ఫొటోలో కనిపిస్తుంది.

కళ్ళను వరుసగా

ముందు చూపు కొలవండి: ఒక్కో కన్ను విడిగా, తర్వాత రెండు కళ్ళూ కలిపి తన ఇష్టమైన భంగిమలో, ఆ తర్వాత తల నిటారుగా పెట్టి. చివరి రెండింటి మధ్య తేడా ఉంటే ఆ అంకెలే చికిత్స అవసరానికి సాక్ష్యం.

తర్వాత టార్చి వెలుతురులో తొమ్మిది దిక్కులకూ కళ్ళను తిప్పించి చూడండి. తల కదలకుండా తల్లిని పట్టుకోమనండి. ఏ కన్ను ఏ మూలకు పోలేదో, ఏ మూలకు ఎక్కువ పోయిందో, రెప్పల సందు మారిందో రాయండి. మెల్ల పైచూపులో ఒక తీరుగా, కిందిచూపులో మరో తీరుగా ఉంటే గడ్డం ఎత్తడానికో దించడానికో అదే కారణం కావచ్చు. లోపలి మెల్ల కిందికి చూసినప్పుడు ఎక్కువై పైకి చూసినప్పుడు తగ్గితే, బిడ్డ గడ్డం దించి పైచూపుతో లోకాన్ని చూస్తాడు.

ఒక కన్ను రెండోదానికంటే పైన ఉంటే మూడు మెట్ల పరీక్ష చేయాలి. కుడి సుపీరియర్ ఆబ్లిక్ లోపాన్నే ఉదాహరణగా తీసుకుందాం. కవర్ టెస్ట్‌లో (ఒక్కో కంటినీ అట్టతో మూసి తీస్తూ కళ్ళ కదలిక చూసే పరీక్ష) కుడి కన్ను పైన ఉంటుంది, అది మొదటి మెట్టు. బిడ్డ ఎడమకు చూసినప్పుడు ఆ ఎత్తు పెరుగుతుంది, అది రెండో మెట్టు. తలను కుడి భుజానికి వాల్చినప్పుడు ఇంకా పెరుగుతుంది, ఎడమకు వాల్చితే తగ్గుతుంది, అది బీల్‌షోవ్‌స్కీ పరీక్షగా పేరుపొందిన మూడో మెట్టు. తల కుడికి వాలినప్పుడు కుడి కన్ను లోపలికి మెలిపడాలి. ఆ పని చేసే రెండు కండరాల్లో సుపీరియర్ ఆబ్లిక్ బలహీనమైతే, భారమంతా సుపీరియర్ రెక్టస్ మీద పడి, అది కంటిని పైకి లాగేస్తుంది. బిడ్డ ఎప్పుడూ ఎడమకే ఎందుకు వాలుస్తాడో ఇందులోనే తెలుస్తుంది. ఎడమకు చూస్తే కుడి కన్ను, కుడికి చూస్తే ఎడమ కన్ను పైకి పోతూ ఉంటే రెండు వైపులా లోపం ఉన్నది. కండరం ఇరుక్కొన్నప్పుడు, మెల్ల ఆపరేషన్ ముందే జరిగి ఉన్నప్పుడు, కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా జబ్బులో ఈ పరీక్ష దారి తప్పిస్తుంది. పెద్దవారిలో కొత్తగా వచ్చిన ఎత్తు, పడుకోబెట్టి చూస్తే సగమో అంతకంటే ఎక్కువో తగ్గితే కారణం నాలుగో నాడి కంటే మెదడు కాండంలో ఉండే అవకాశమే ఎక్కువ.

ముఖాన్ని కూడా ఎదురుగా నిలబడి చూడండి. చిన్నప్పటి నుంచి తల వాల్చిన బిడ్డలో వాలిన వైపు సగం ముఖం చిన్నగా ఉండి, కళ్ళను కలిపే గీత, పెదవుల గీత ఆ వైపున దగ్గరవుతాయి. లోపం పాతదని చెప్పే మరో గుర్తు, కాంతిని వంచే గాజు పట్టకం, అంటే ప్రిజంతో కొలిచినప్పుడు కళ్ళు నిలువు తేడాను ఓర్చుకోగల శక్తి. మామూలు మనిషి 2 నుంచి 4 ప్రిజం డయాప్టర్లకు (ప్రిజం బలానికి కొలత) మించి కలపలేడు, పుట్టుకతో లోపం ఉన్నవారు 10 దాటినా కలుపుతారు.

కనుగుడ్లు ఊగుతున్నప్పుడు

నిస్టాగ్మస్ ఉన్న బిడ్డకు ఒక మూల చూపులో ఊగుడు తగ్గి అక్షరం నిలుస్తుంది. ఆ మూలను వాడుకోవడానికి ముఖాన్ని ఎదుటి దిక్కుకు తిప్పుతాడు. కన్ను మూసినా ఈ భంగిమ చాలామందిలో పోదు. బోర్డు దూరమయ్యే కొద్దీ, అక్షరం చిన్నదయ్యే కొద్దీ ముఖం ఎక్కువగా తిరుగుతుంది. కాబట్టి తరగతిలో ఏ వైపు కూర్చోబెట్టాలో పంతులుగారికి చీటీ రాసివ్వండి: ముఖం కుడికి తిప్పి చూసే బిడ్డకు బోర్డు తన ఎడమ చేతి వైపు పడేటట్లు, అంటే గదిలో కుడి పక్కన చోటివ్వాలి. కొందరిలో ముఖం కొన్ని నిమిషాలు కుడికి, కొన్ని నిమిషాలు ఎడమకు మారుతూ ఉంటుంది. ఆపరేషన్ గురించి మాట్లాడే ముందు ఇది లేదని తేల్చుకోవడానికి తగినంతసేపు చూడాలి. ఏడాది లోపు బిడ్డలో సన్నగా, వేగంగా కనుగుడ్లు ఊగుతూ, తల ఆడుతూ, మెడ వాలుతూ ఉంటే దానంతట అదే తగ్గిపోయే స్పాస్మస్ న్యూటాన్స్ అని పేరు పెట్టి ఊరుకోవద్దు. చూపు నరం మీద గడ్డ ఇలాగే కనిపిస్తుంది, స్కాన్ తప్పనిసరి.

మిగిలిన కారణాలు

రెప్ప వాలిన బిడ్డ గడ్డం ఎత్తి, కనుబొమలు పైకి లాగి చూస్తాడు. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప బరువెక్కితే మయస్తీనియా గురించి ఆలోచించండి. నేల మీద పడుకొని లేచిన మనిషికి రెండు రెప్పలూ వాలిపోతే కట్లపాము కాటు అనుకొని తక్షణం విషం విరుగుడు ఉన్న ఆసుపత్రికి పంపాలి. ఆ కాటుకు నొప్పి గాని గాటు గాని ఉండకపోవచ్చు.

అద్దాలతో సరిచేయని సిలిండర్ పవర్ (ఒక దిక్కు గీతలు మసకగా కనిపించే దోషం), తప్పు కోణం, అంటే తప్పు యాక్సిస్‌తో చేసిన అద్దాలు తలను వాలుస్తాయి. అందుచేత ప్రతి బిడ్డకూ కంటిపాప పెద్దది చేసే మందు వేసి పవర్ చూడటం, అదే సందర్భంలో కంటి వెనక పొర, నరం చూడటం తప్పనిసరి. వరికోతల్లో గింజ తగిలి ఒక కన్ను పోగొట్టుకున్న రైతు, ముందున్న దారి మొత్తం కనిపించడానికి ముఖాన్ని పోయిన కంటి వైపుకు తిప్పుకుంటాడు. పక్షవాతంలో ఒక వైపు చూపు పోయినవారు కూడా ఆ వైపుకే తిప్పుతారు. ఒక చెవి వినపడని బిడ్డ వినే చెవిని మాట వచ్చే వైపుకు పెడతాడు, కాబట్టి వెనక నుంచి పిలిచి చూడండి.

పంపేటప్పుడు, మళ్ళీ చూసేటప్పుడు

రిఫరల్ చీటీలో భంగిమ మూడు అంశాలు, కోణం, మెడ కదలిక, కన్ను మూస్తే వచ్చిన మార్పు, తల నిటారుగా పెడితే వచ్చిన మార్పు రాయండి. ఒంగోలు రిమ్స్, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట్ల కంటి, పిల్లల, ఎముకల విభాగాలు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఈ అయిదు మాటలు చీటీలో ఉంటే బిడ్డ ఏ విభాగానికి పోవాలో మొదటి రోజే తేలుతుంది. అంగన్‌వాడీ, ప్రభుత్వ బడి పిల్లలైతే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి కూడా తెలియజేయండి. తల్లిదండ్రులకు “పిలకాయ కావాలని చేయడం లేదమ్మా, అలా పెడితేనే అతనికి ఒక్కటిగా కనిపిస్తున్నది, కొట్టవద్దు, తల తిప్పవద్దు” అని వారి మాటల్లోనే చెప్పండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక తప్పును ఇక్కడ చెప్పాలి. నాలుగో నాడి లోపంతో తల వాల్చే అయిదేళ్ళ పాపను పెద్ద ఆసుపత్రికి పంపితే వారు పోలేదు. ఎనిమిది నెలల తర్వాత వచ్చి, మొక్కుకున్నాము సార్, తల నిటారైంది అని తల్లి సంతోషంగా చెప్పింది. నేనూ సంతోషించి, కళ్ళు మళ్ళీ పరీక్షించకుండానే పంపేశాను. మరుసటి ఏడు బడిలో పంతులమ్మ గుర్తుపట్టి పంపినప్పుడు చూస్తే పాప కుడి కన్ను పైకి పోయి నిలిచి ఉన్నది, ఆ కంటి చూపు సగానికి పడిపోయింది. రెండు కళ్ళనూ కలిపి ఉంచే ప్రయత్నాన్ని ఆ పాప మానేసింది, అందుకే తల వాల్చవలసిన పని లేకుండా పోయింది. అప్పటి నుంచి తల నిటారైందని ఎవరు చెప్పినా నేను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో కంటి చూపు కొలిచి, కవర్ టెస్ట్ చేసి, రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూసి, పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెట్టి పోల్చాకే పంపుతున్నాను. మీరూ అలాగే చేయండి, ప్రతి మూడు నాలుగు నెలలకు ఒకసారి, బిడ్డకు ఎనిమిది తొమ్మిదేళ్ళు దాటే దాకా.